మోకాలు కాలి వేళ్లు దాటితే గుజ్జు అరుగుతుందా?

వ్యాయామ శిక్షకుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఏడాదికి రెండుసార్లైనా తిరిగి వస్తుంది. స్క్వాట్ (మోకాళ్లు వంచి కిందికి దిగి లేచే వ్యాయామం) చేస్తున్న మనిషి బొమ్మ, కాలి వేళ్ల దగ్గర నిలువుగా ఒక ఎర్ర గీత, కింద నాలుగు ముక్కలు. మోకాలు ఆ గీత దాటకూడదు. దాటితే గుజ్జు అరిగిపోతుంది. తొడలు నేలకు సమాంతరంగా వచ్చాక ఇంకా దిగితే లిగమెంట్లు, అంటే కీలులో ఎముకలను పట్టి ఉంచే పట్టీలు, వదులవుతాయి. ఇదంతా పరిశోధనల్లో తేలిన సత్యం. శిక్షకుడిగా మొదటి మూడేళ్లు నేనూ ఈ పాఠమే చెప్పాను. ఆ రోజుల్లో నా దగ్గర నడుము పట్టేసి మానేసిన వారు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందుకే ఈసారి దండం బొమ్మ పెట్టి ఊరుకోలేకపోయాను.

చివరి ముక్కతోనే మొదలుపెడతాను. మిగతా మూడింటికీ అదే దన్ను. లోతుగా దిగడం ప్రమాదమన్న భయానికి మూలం 1961 నాటిది. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్ బరువులెత్తేవారి మోకాళ్లను కొలిచి, పూర్తిగా కిందికి దిగే స్క్వాట్ వల్ల లిగమెంట్లు సాగుతున్నాయని ప్రకటించారు. ఆ మాట వ్యాయామ ఉపాధ్యాయులందరికీ పాకింది. కానీ 1971లో ఒకసారి, 1989లో మరోసారి వారాల తరబడి స్క్వాట్ చేయించి చూసిన పరిశోధకులకు ఆ వదులు కనిపించలేదు. 1989 నాటి పరిశోధనలోనైతే పవర్‌లిఫ్టర్ల (భారీ బరువులతో స్క్వాట్ పోటీలు చేసేవారి) మోకాళ్లు కొన్ని పరీక్షల్లో మామూలు వారి మోకాళ్లకంటే బిగువుగా ఉన్నాయి. క్లైన్ మాట ఇంటింటికీ చేరింది. దాన్ని కాదన్న ఫలితాలు పత్రికల అట్టల మధ్యే ఉండిపోయాయి.

ఇక ఎర్ర గీత సంగతి. ఈ గీత గీసేవారూ, దాన్ని తప్పుపట్టేవారూ ఇద్దరూ 2003లో ఫ్రై, స్మిత్, షిల్లింగ్ ప్రచురించిన పరిశోధననే చూపిస్తారు. ఒకరు అందులో సగం చదివి ఆపేస్తారు. బరువులు ఎత్తడం అలవాటున్న 7 మంది పురుషులు తమ శరీర బరువుకు సమానమైన బార్ (బరువుల కడ్డీ) మోసి రెండు రకాలుగా స్క్వాట్ చేశారు. ఒకసారి స్వేచ్ఛగా, ఇంకోసారి మోకాలు ముందుకు పోకుండా కాళ్ల ముందు చెక్క అడ్డుపెట్టి. చెక్క పెట్టినప్పుడు మోకాలి కీలు మీద పడే టార్క్, అంటే కీలును తిప్పే బలం, సగటున 150 నుంచి 117 న్యూటన్ మీటర్లకు తగ్గింది. గీత పక్షం వారు ఇక్కడే చప్పట్లు కొడతారు. తర్వాతి వరుసలో తుంటి లెక్క ఉంది. అది 28 నుంచి 303కు ఎగబాకింది. మోకాలికి అయిదో వంతు ఊరటనిచ్చి తుంటి మీద పదింతల భారం వేశామన్నమాట. మోకాలు ఆగిపోతే పిరుదులు ఇంకా వెనక్కి పోవాలి. పడిపోకుండా ఉండాలంటే ఛాతీ ముందుకు వంగాలి. ఆ వంపు నడుమూ మోస్తుంది. 7 మంది మీద చేసిన చిన్న పరిశోధనే, ఒప్పుకుంటాను. కానీ దానినే ఆధారంగా చూపేవారు రెండో అంకెను దాచకూడదు కదా.

పైగా ఆ గీత అందరికీ ఒకేచోట పడదు. తొడ ఎముక పొడవుగా, పాదం చిన్నగా ఉన్న మనిషి మోకాలు గీత దాటకుండా కూర్చోలేడు. మెట్లు దిగేటప్పుడు ఎవరి మోకాలైనా వేళ్లు దాటుతుంది. గొంతుక్కూర్చుని ముగ్గు పెట్టే అమ్మ మోకాళ్లు ఎక్కడున్నాయో ఒకసారి చూడండి. మన తాలింఖానాల్లో తీసే బస్కీలూ అంతే. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. బార్ కింద లోతుగా దిగి దాన్ని పట్టే ఆ ఆటలో మోకాలు వేళ్లు దాటకుండా ఉండటం కుదిరే పని కాదు.

లోతు గురించి భయపడేవారికి వింతగా అనిపించే విషయం ఒకటుంది. మోకాలి చిప్ప వెనక ఒత్తిడి అత్యధికంగా ఉండేది మోకాలు 90 డిగ్రీలు వంగే చోటు చుట్టుపక్కలే. ఇంకా దిగితే చిప్ప మీది కండర బంధం తొడ ఎముకకు ఆనుకుని భారంలో కొంత పంచుకుంటుంది. 2013లో హార్ట్‌మన్ బృందం పాత పరిశోధనలన్నిటినీ పరిశీలించి చెప్పింది ఇదే. అంటే "ఇక్కడే ఆగు" అని మనం అరిచే చోటే చిప్పకు గట్టి పరీక్ష. సగం దిగేవారు బార్ మీద బరువు కూడా ఎక్కువే వేస్తారు, అది మరో తలనొప్పి.

గుజ్జు మాటలో మాత్రం కొంత నిజం ఉంది, దాన్ని దాటవేయను. బీజింగ్‌లోని వృద్ధుల మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, యౌవనంలో రోజుకు రెండు గంటలకు మించి గొంతుక్కూర్చున్నామని చెప్పిన వారికి మోకాలి కీళ్ల అరుగుదల ఎక్కువగా కనిపించింది. గంటలకొద్దీ అలా కూర్చునే బతుకు వేరు, వారానికి రెండు రోజులు పది చొప్పున మూడు విడతలు దిగి లేవడం వేరు. రెంటినీ ఒకే గాట కట్టడమే తప్పు.

ఇంతకీ శిక్షకులు ఏం చేయాలి? మోకాలిని కాదు, మడమను చూడండి. మడమ లేవకుండా, బరువు పాదం మధ్యలో ఉంటే మోకాలు ఎంత ముందుకు వెళ్లినా వెళ్లనివ్వండి. మోకాలు లోపలికి ఒరిగితే మాత్రం బరువు తగ్గించండి. మడమ లేస్తుంటే చీలమండ పరీక్షించండి: బొటనవేలు గోడకు బెత్తెడు దూరంలో పెట్టించి, మడమ ఎత్తకుండా మోకాలితో గోడను తాకమనండి. తాకలేకపోతే చీలమండ బిగుసుకుని ఉన్నట్టే. అది వదులయ్యేదాకా మడమల కింద పలుచటి చెక్క పెట్టండి. ఇప్పటికే చిప్ప ముందు నొప్పి ఉన్నవారికి మోకాలు ముందుకు రాకుండా వెనక బల్ల పెట్టి కూర్చోబెట్టడం మంచి ఉపాయమే, ఫ్రై లెక్కలో తగ్గిన ఆ అయిదో వంతు ఉపయోగపడేది ఇక్కడే. కానీ అది కొన్ని వారాల మందు. నొప్పి తగ్గుతున్నకొద్దీ బల్లను కాస్త కాస్త కిందికి దించుతూ చివరికి తీసేయాలి.