స్టోమా ఉన్నవారికి ధైర్యం చెప్పేవాళ్లు ఎక్కువే, కొలత తీసేవాళ్లే తక్కువ

పురీషనాళ క్యాన్సర్ కావచ్చు, పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ కావచ్చు, పేగుకు చిల్లు పడటం కావచ్చు. పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుట్టి (ఆ ద్వారమే స్టోమా), మలం పడేందుకు బ్యాగు తగిలించి ఇంటికి పంపిన మనిషికి మొదట వినపడే మాట ఒకటే: ‘ధైర్యంగా ఉండండి, అందరిలాగే బతకొచ్చు’. మాటలో అబద్ధం లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రోల్ఫ్ బెనిర్ష్కే 1979లో పెద్దపేగు జబ్బుతో ఆపరేషన్ చేయించుకుని, మరుసటి ఏడాదే ఇలియోస్టమీ (చిన్నపేగు స్టోమా) బ్యాగుతో మళ్లీ మైదానంలోకి దిగాడు. కానీ ఆ మాట చెప్పి పంపేయడంతో పని అయిపోయిందనుకోవడం దగ్గరే తేడా వస్తోంది.

బ్యాగు పెట్టాక చాలామంది సిగ్గుతో ఇంట్లోనే ఉండిపోతారని అనుకుంటాం. సిగ్గు కంటే ముందు వాళ్లను కట్టిపడేసేది లీకేజీ. ఆర్టీసీ బస్సులో ఒక్కసారి బ్యాగు ఊడిందంటే ఆ మనిషి మళ్లీ బస్సెక్కడు, పెళ్లికి పోడు, పొలానికి పోడు. ఈ భయం కౌన్సెలింగ్‌తో పోయేది కాదు, లీకు ఆగితే పోతుంది. లీకు ఎందుకని వెతికితే తరచూ రెండు చోట్ల తేలుతుంది: స్టోమా పెట్టిన స్థానం, ఫ్లాంజ్‌కు (స్టోమా చుట్టూ చర్మానికి అంటించి బ్యాగును పట్టి ఉంచే పలక) కోసిన రంధ్రం.

స్థానం సంగతి ఆపరేషన్‌కు ముందే తేలిపోవాలి. రోగిని పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూసి, పొట్ట మీద చెరగని ఇంకుతో చుక్క పెట్టాలి. ఆ చుక్క పొట్ట ముందు నిలువుగా ఉండే రెక్టస్ కండరం మీద ఉండాలి. బొడ్డుకు, తుంటి ఎముకకు, పాత కుట్ల మచ్చకు, పొట్ట మడతలకు దూరంగా ఉండాలి. రోగి తల వంచితే తనకే కనపడాలి. ఇంగ్లిషు పుస్తకాలు ఇక్కడ ప్యాంటు బెల్టు గురించి హెచ్చరిస్తాయి. మన దగ్గర అడగాల్సినవి వేరే ఉన్నాయి. లంగా బొందు ఎక్కడ బిగిస్తారు? పంచె ఎక్కడ కడతారు? నేల మీద బాసిపట్టు వేసుకుని తింటారా? నాట్లకో కలుపుకో గంటల తరబడి వంగుతారా? కూర్చోగానే మడతలోకి పోయే స్టోమా మీద ఎంత ఖరీదైన బ్యాగయినా రెండు రోజులు నిలవదు. అర్ధరాత్రి అత్యవసరంగా చేసే ఆపరేషన్లలో ఇవన్నీ చూసే వీలుండదు, ఒప్పుకుందాం. ముందే తేదీ ఇచ్చి పిలిచి చేసే ఆపరేషన్లలోనూ ఆ చుక్క పెట్టకపోతే మాత్రం అది నిర్లక్ష్యమే.

చిన్నపేగుతో పెట్టే ఇలియోస్టమీకి ఎత్తు కూడా ముఖ్యం. బ్రిటిష్ సర్జన్ బ్రయన్ బ్రూక్ 1952లో పేగు చివరను వెనక్కి మడిచి, చర్మం కంటే పైకి ముక్కులా నిలబెట్టే పద్ధతి చెప్పాడు. రెండు మూడు సెంటీమీటర్ల ఆ ముక్కు ఉంటే ద్రవం నేరుగా బ్యాగులో పడుతుంది. స్టోమా చర్మానికి సమంగా ఉండిపోతే ఫ్లాంజ్ కిందికి పాకుతుంది. అలాంటివారికి మామూలు చదును ఫ్లాంజ్ పనికిరాదు. లోపలివైపు ఉబ్బుగా ఉండే కాన్వెక్స్ ఫ్లాంజ్, దానికి బెల్టు కావాలి.

రంధ్రం దగ్గర జరిగే పొరపాటు

ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గుతుంది. ఆసుపత్రిలో 40 మిల్లీమీటర్లకు కోసిచ్చిన నమూనానే దాచుకుని నాలుగో నెలలోనూ అలాగే కోసేవాళ్లు చాలామంది. అప్పటికి స్టోమా 30కి తగ్గిందనుకోండి, చుట్టూ 5 మిల్లీమీటర్ల చర్మం బోసిగా మిగులుతుంది. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలో జీర్ణరసాలుంటాయి, అవి ఆ చర్మాన్నీ అరిగిస్తాయి. చర్మం ఒరుసుకుపోయి చెమ్మ ఊరుతుంటే ఫ్లాంజ్ అంటుకోదు. అంటుకోకపోతే మళ్లీ లీకు, మళ్లీ పుండు. మొదటి రెండు నెలలు వారానికోసారి కొలవాలి. రంధ్రం వ్యాసం స్టోమా కంటే 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండాలి. మరీ బిగువుగా కోస్తే అంచు స్టోమాను కోస్తుంది. అక్కడ నొప్పి తెలిసే నరాలు ఉండవు కాబట్టి గాయమైనా తెలియదు. కీమో ముగిసి ఒళ్లు చేసినప్పుడు, బాగా చిక్కినప్పుడు మళ్లీ కొలవాలి.

ఫ్లాంజ్ మార్చడానికి ఉదయం, ఏమీ తినకముందు మంచి సమయం. అప్పుడు పేగు నెమ్మదిగా ఉంటుంది. ఒక చేత్తో చర్మాన్ని కిందికి అదుముతూ ఫ్లాంజ్‌ను పైనుంచి కిందికి ఒలవాలి. లాగి పీకకూడదు. తర్వాత గోరువెచ్చటి మంచినీళ్లు చాలు. స్పిరిట్, డెటాల్, నూనె ఉండే సబ్బులు వద్దు. కొబ్బరినూనె, టాల్కం పౌడర్ రాసిన చర్మం మీద ఏదీ అంటదు. తుడిచేటప్పుడు స్టోమా నుంచి రెండు చుక్కల రక్తం వస్తే కంగారు పడక్కర్లేదు. చర్మం చెమ్మగా ఉంటే స్టోమా పౌడర్ చల్లి, మిగిలింది దులిపేయాలి. స్టోమా పేస్టును జిగురనుకుని ఫ్లాంజ్ నిండా పూయడం ఇంకో అలవాటు. అది గోడ సందులకు పెట్టే లప్పం లాంటిది, మడతలూ గుంటలూ సమం చేయడానికే. ఫ్లాంజ్‌ను అరచేతుల మధ్య నిమిషం వేడి చేసి అంటించి, పైన చెయ్యి పెట్టి నాలుగైదు నిమిషాలు అదిమి ఉంచాలి. ఆ వేడికే అది పట్టుకుంటుంది.

తీసిన ఫ్లాంజ్‌ను వెంటనే పారేయకుండా వెనక్కి తిప్పి చూడండి. రంధ్రం చుట్టూ సమంగా తెల్లబడి ఉబ్బితే అది మామూలు అరుగుదలే. ఒక్క వైపు, గడియారంలో నాలుగు గంటల ముల్లు ఉండే దిక్కున అనుకుందాం, మలం దారి చేసుకుని అంచుదాకా పోయిందంటే పొట్ట మీద సరిగ్గా అక్కడే గుంటో మడతో ఉంది. సందు పూడ్చే మెత్తటి రింగు ముక్కో పేస్టో అక్కడ పెట్టాలి, చుట్టూ కాదు. లీకయ్యాక పైన ప్లాస్టర్ అంటించి సర్దుకుంటే కింద చర్మం కాలుతూనే ఉంటుంది. దురద, చుట్టూ చిన్న చిన్న ఎర్రటి పొక్కులు కనపడితే ఫంగస్ అయ్యుండొచ్చు. డాక్టరును అడిగి యాంటీఫంగల్ పౌడరే వాడాలి. ఆయింట్‌మెంట్ రాస్తే ఫ్లాంజ్ జారిపోతుంది.

మామూలుగా మూడు నాలుగు రోజులు నిలవాల్సిన ఫ్లాంజ్ రెంటచింతల, రామగుండం ఎండల్లో చెమటకు రెండు రోజులకే సడలొచ్చు. స్పేర్ బ్యాగులు కారులోనో స్కూటర్ డిక్కీలోనో పెడితే జిగురు పొర మెత్తబడి పాడవుతుంది. బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువెక్కితే ఫ్లాంజ్‌ను లాగేస్తుంది.

నీళ్లు తాగితే సరిపోదు

ఇలియోస్టమీ ఉన్నవారి ప్రాణం మీదికి తెచ్చేది వాసనో లీకో కాదు, ఒంట్లోని ఉప్పు పోవడం. కుదుటపడ్డాక రోజుకు 500 నుంచి 1000 మిల్లీలీటర్ల దాకా ద్రవం బయటికి పోవడం మామూలే. 1500 దాటితే జాగ్రత్త పడాలి. ఆ ద్రవంతో సోడియం బోలెడు పోతుంది. దాహం వేస్తోందని చెంబుల కొద్దీ మంచినీళ్లు తాగితే ఆ నీళ్లు పేగులోకి ఇంకా సోడియాన్ని లాక్కుని బ్యాగులోకి వెళ్లిపోతాయి. తాగినకొద్దీ నీరసం. మూత్రం తగ్గి ముదురు రంగులో రావడం, పిక్కలు పట్టేయడం, లేస్తే కళ్లు తిరగడం దీని గుర్తులు. వదిలేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. మన ఇళ్లలో నీరసానికి మొదటి మందు కొబ్బరిబొండం. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఇక్కడ అది సరైన మందు కాదు.

కావాల్సింది ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా చప్పరించాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలపడం రెండు విధాలా తప్పే. ద్రవం బాగా ఎక్కువ పోయేవారికి డాక్టర్లు మరింత ఉప్పున్న ద్రావణం చెబుతారు: లీటరు నీటికి 20 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు సొంతంగా మొదలుపెట్టకూడదు. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్ అనుకుని మోసపోయినవాళ్లు కొల్లలు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లపాటు చేసిన పోరాటం తర్వాత 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడొద్దని ఆదేశించింది. పిల్లల విరేచనాల గురించి మొదలైన ఆ పోరాటం ఇలియోస్టమీ వారికీ అంతే అక్కరకొచ్చింది. ఉప్పేసిన మజ్జిగ, గంజి మంచివే. అన్నం, అరటిపండు, సగ్గుబియ్యం బ్యాగులోకి వచ్చేదాన్ని చిక్కబరుస్తాయి.

ములక్కాడ పిప్పి, కొబ్బరి ముక్కలు, మొక్కజొన్న, పుట్టగొడుగులు, బత్తాయి తొనల పొర, పీచు మామిడి నమలకుండా మింగితే స్టోమా దగ్గర అడ్డం పడతాయి. నాలుగైదు గంటలు ఏమీ రాకుండా మెలిపెట్టే నొప్పి వస్తే గట్టి ఆహారం ఆపి, మోకాళ్లు పొట్టకు ఆనించి పడుకుని, స్టోమా చుట్టూ మెల్లగా మర్దన చేసి చూడొచ్చు. వాంతులు మొదలైనా, స్టోమా నల్లబడినా ఆసుపత్రికే పోవాలి. విరేచనాల మందు ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోకూడదు. మాత్రలు కరగకుండా బ్యాగులో కనపడితే డాక్టరుకు చెప్పాలి. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలు ఇలియోస్టమీలో వృథా అవుతాయి.

పెద్దపేగు ఎడమ చివర పెట్టిన కొలోస్టమీ వారికి ఈ బెడద చాలా తక్కువ. పైగా వాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది, మన దగ్గర దాని గురించి చెప్పేవాళ్లే అరుదు. అదే ఇరిగేషన్, అంటే నీళ్లు ఎక్కించి పేగును ఒకేసారి ఖాళీ చేసుకోవడం. సర్జన్ ఒప్పుకున్నాక, కోన్ ఉన్న గొట్టంతో 500 నుంచి 1000 మిల్లీలీటర్ల గోరువెచ్చటి తాగునీటిని స్టోమాలోకి నెమ్మదిగా ఎక్కించాలి. నీళ్ల సంచి అడుగు భుజం ఎత్తులో ఉండాలి. మెలిపెడితే ఆపి, తగ్గాక కొనసాగించాలి. మొత్తం గంట లోపు పని. పేగు అలవాటు పడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. కుదిరినవారికి తర్వాత 24 నుంచి 48 గంటలు చిన్న క్యాప్ చాలు. బ్యాగుల ఖర్చు ఎంత తగ్గుతుందో చెప్పక్కర్లేదు. హెర్నియా ఉన్నా, పేగు బయటికి జారుతున్నా ఇది కుదరదు. ఇలియోస్టమీకి అసలే వద్దు.

మొదటి రెండు మూడు నెలలు బిందెలు, బస్తాలు ఎత్తకూడదు. స్టోమా పక్కన హెర్నియా రావడానికి అదో పెద్ద కారణం. తర్వాత నడక, సైకిలు, ఈత, పొలం పని, దాంపత్యం అన్నీ చేయొచ్చు. మలాశయం తీసేసిన ఆపరేషన్ తర్వాత కొందరు మగవారికి అంగస్తంభన ఇబ్బంది వస్తుంది. అది నరాల వల్ల, బ్యాగు వల్ల కాదు, దానికి వైద్యం ఉంది. విమానంలో కత్తెర పట్టుకుపోనివ్వరు, ఫ్లాంజ్‌లు ఇంట్లోనే కోసుకుని చేతిసంచిలో పెట్టుకోవాలి. బ్యాగుతో గుడికి పోవచ్చా అని నెమ్మదిగా అడుగుతుంటారు. అందరి పొట్టలో ఉండేదే కదా ఇదీ, సంచిలో ఉన్నంత మాత్రాన మైల ఎలా అవుతుంది?

ప్రభుత్వాల వంతు మాత్రం చాలా మిగిలే ఉంది. 2022 జులై 18 నుంచి ఈ పరికరాలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, మంచిదే. రైల్వే రాయితీ నెల, మూడు నెలల సీజన్ టికెట్లకే ఉంది. చెకప్ కోసం శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చేవారికి దాంతో పనేముంది? 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో స్టోమా లేదు. ఆరోగ్య పథకాల ప్యాకేజీలు ప్రధానంగా ఆపరేషన్ చుట్టూనే తిరుగుతాయి, తర్వాత నెలకు ఎనిమిది నుంచి పది ఫ్లాంజ్‌లు చాలా కుటుంబాలు చేతి డబ్బుతోనే కొంటున్నాయి. డబ్బు లేనివాళ్లు వారం రోజులు అదే ఉంచుకుని పుండు తెచ్చుకుంటారు. ఇంగ్లండ్‌లో శాశ్వత స్టోమా ఉన్నవారు ప్రిస్క్రిప్షన్ రుసుమే కట్టరు. ఆ స్థాయి దూరమైతే, ఖర్చు లేనిదొకటి రేపే మొదలుపెట్టొచ్చు. రోగి గానీ, ఇంట్లో చూసుకునేవారు గానీ నర్సు ఎదుట తమ చేతులతో రెండుసార్లు ఫ్లాంజ్ మార్చి చూపిస్తేనే డిశ్చార్జి చేయాలి. డిశ్చార్జి కాగితం మీద స్టోమా రకం, వ్యాసం, ఎత్తు, వాడాల్సిన ఫ్లాంజ్ సైజు, మళ్లీ కొలవాల్సిన తేదీ రాయాలి. ఇప్పుడు చాలా కాగితాల మీద ఉండేది ‘స్టోమా హెల్దీ’ అనే ముక్క ఒక్కటే. దాన్ని చూసి ఊళ్లో మెడికల్ షాపాయన ఏ సైజు తెప్పించాలి?