సవరణ: తోపును తిరగేసి రాశాను

మొన్నటి పోస్టులో, ఎస్టేట్ల నాటి ఇంగ్లీషు రాతల్లో కనిపించే ‘టోప్’ నుంచి మన ‘తోపు’ వచ్చిందని రాశాను. అది తప్పు, తలకిందులుగా చెప్పాను. తెలుగు తోపు, తమిళ తోప్పు విన్న దొరలే దాన్ని టోప్ చేసుకున్నారు. మా నాయనమ్మ బతికుంటే నెత్తిన మొట్టికాయ వేసేది!

ఆ పోస్టులో తోపును ‘చిన్న అడవి’ అనడమూ సరికాదు. మామిడితోపు, తాటితోపు అన్నట్టు ముందు చెట్టు పేరు తగిలిస్తాం, ఒకే రకం చెట్లు గుంపుగా ఉంటాయి కాబట్టి. అడవిలో అన్నీ కలిసే మొలుస్తాయి. మన విశాఖ కంబాలకొండ అడవి ఒకప్పుడు విజయనగరం రాజులదే, అయినా దాన్ని తోపనరు. ఆ అడవికి కొండ పేరే వచ్చింది. ఆ పేరు ‘కంబళి’ నుంచి వచ్చిందని రాసిన కథ నా ఊహ, తీసేశాను.