నా ఓటు వెనక జేబుకే

సైకిల్ తొక్కేటప్పుడు ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలన్న వ్యాసంలో, హ్యాండిల్‌కి మౌంట్ (ఫోన్ బిగించే స్టాండ్) పెట్టుకుంటేనే ఫోన్ భద్రం అని రాశారు. దారి చూసుకోవడానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ గతుకుల్లో ఆ అదురు సంగతేమిటి? మోటార్‌సైకిల్ ఇంజిన్ అదురుకి ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. సైకిల్‌కి ఇంజిన్ లేదు, నిజమే. అయినా నాకు టెన్షనే.

నేనైతే జిప్‌లాక్ కవర్లో వేసి, స్క్రీన్ ఒంటివైపు తిప్పి సైక్లింగ్ జెర్సీ (తొక్కేటప్పుడు వేసుకునే టీషర్ట్) వెనక జేబులో పెడతాను. కవర్ మర్చిపోయిన రోజు ఇంటికొచ్చేసరికి ఛార్జింగ్ రంధ్రంలోకి చెమట దిగి, తేమ ఉందంటూ ఛార్జింగే ఎక్కలేదు. ప్యాంటు ముందు జేబు మాత్రం వద్దు. తొక్కేకొద్దీ ఫోన్ పైకి జారుతుంది. నాది ఒకసారి సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టగానే రోడ్డు మీద పడింది.