ఏమైనా అప్‌డేట్ ఉందా, సార్?

ఎవరైనా ఉచితంగా వాడుకుని, కోడ్ తెరిచి మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు యజమాని ఉండడని, నిర్వహణంతా వికేంద్రీకృతమని, ప్రపంచం నలుమూలల నుంచి వేలాదిమంది భుజం భుజం కలిపి పనిచేస్తారని సదస్సుల్లో చెబుతుంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అడిగే అధికారాన్ని ఈ వ్యవస్థ నిజంగానే ప్రపంచమంతటికీ సమానంగా పంచిపెట్టింది. చేసే పని మాత్రం, పగలంతా జీతమిచ్చే ఉద్యోగం చేసుకుని, రాత్రి పిల్లలు నిద్రపోయాక కంప్యూటర్ తెరిచే ఒకరిద్దరి దగ్గరే ఉండిపోయింది. ఇంత గొప్ప సంస్కరణలో ఆ మాత్రం లోటు ఉండటం సహజమే కాబట్టి దాన్ని పట్టించుకోనవసరం లేదు.

ఈ పరిపాలనకు మూలస్తంభం ఒక వ్యాఖ్య. ఇలాంటి కోడ్‌ను ఉంచే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో ఏ పేరున్న ప్రాజెక్టు తెరిచినా, ఏ పాత ఇష్యూ (నమోదైన ఫిర్యాదు) కిందికి జరిగినా అది మీకు కనిపిస్తుంది: ‘ఏమైనా అప్‌డేట్ ఉందా?’ దీన్ని రాసేవారిని విసిగించేవారని తేలికగా తీసిపారేయడం అన్యాయం. వారు ఈ వ్యవస్థలో పర్యవేక్షక శ్రేణికి చెందినవారు. వారికి కింద, ‘నాకూ ఇదే సమస్య’ అని రాసి, ఏ వెర్షన్‌లో, ఏ సందర్భంలో వచ్చిందో మాత్రం రాజ్య రహస్యంలా దాచుకునే గుమాస్తా వర్గం ఉంటుంది. వారికి పైన, ‘రెండేళ్లయినా ఇది సరిచేయలేదంటే సిగ్గుచేటు’ అని తీర్పు చెప్పే న్యాయమూర్తులు ఉంటారు. అందరికంటే ఎత్తైన పీఠం మీద ‘ఇక చాలు, నేను వేరేదానికి మారిపోతున్నాను’ అని ప్రకటించి నిష్క్రమించే మహానుభావుడు ఉంటాడు. ఆయన నిష్క్రమణ వల్ల ప్రాజెక్టుకు కలిగే ఆర్థిక నష్టం సున్నా రూపాయల సున్నా పైసలు. అయినా ఆ వార్త లోకానికి తెలియకుండా వెళ్లిపోవడం ఆయనకు ఇష్టం ఉండదు. ఇంతమంది అధికారులున్న ఈ దొంతరలో బగ్ సరిచేసే ఉద్యోగం ఒక్కటే భర్తీ కాకుండా మిగిలిపోతుంది.

నియమావళి లేకపోవడం వల్ల ఇలా జరుగుతోందని అనుకోకండి. ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే డెబియన్ లైనక్స్ సమాజం 1998లోనే సొంత రాజ్యాంగం రాసుకుంది, ఏటా నాయకుణ్ణి ఎన్నుకుంటుంది, ఓటర్లు అభ్యర్థులను ప్రాధాన్యక్రమంలో పేర్చి ఓటేస్తారు. మన స్థానిక సంస్థల ఎన్నికల కంటే అది శ్రద్ధగా జరుగుతుందని చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు. ఆ రాజ్యాంగంలోనే ఒక అద్భుతమైన నిబంధన ఉంది: ప్రాజెక్టు కోసం పని చేయాల్సిన బాధ్యతను ఇందులోని ఏ వాక్యమూ ఎవరి మీదా మోపదు, అప్పగించిన పని ఇష్టం లేకపోతే చేయనక్కర్లేదు. ఇది స్వచ్ఛంద సేవకుల ప్రాథమిక హక్కు. చాలా లైసెన్సుల్లో కూడా ఇదే సంగతి, ఎవరికీ కనబడలేదనే అవకాశం లేకుండా పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది: ఉన్నదున్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు. ఇన్ని పెద్దక్షరాలను ఇంతమంది ఇంత నిష్ఠగా చదవకుండా ఉండటమే అసలైన సామూహిక కృషి.

చదవని వారిలో వ్యక్తులకంటే కంపెనీలు ఘనమైనవి. కర్ల్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి చూడండి. నెట్ మీద డేటా తెచ్చిపెట్టే ఆ చిన్న పనిముట్టు మన ఫోన్లలో, టీవీల్లో, కార్లలో, అంగారక గ్రహం మీద ఎగిరిన హెలికాప్టర్ వెనుక పనిలో కూడా ఉంది. దాన్ని దశాబ్దాలుగా మోస్తున్నవాడు స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్. 2021 డిసెంబరులో లాగ్‌4జె అనే జావా లైబ్రరీలో (ఇతర ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే కోడ్) ప్రమాదకరమైన లోపం బయటపడి లోకమంతా గగ్గోలు పెట్టింది. కర్ల్ రాసింది సి భాషలో. లాగ్‌4జెకి దానికి ఏ చుట్టరికమూ లేదు. అయినా 2022 జనవరిలో, వందల కోట్ల డాలర్ల వ్యాపారం చేసే ఒక కంపెనీ నుంచి స్టెన్‌బర్గ్‌కు ఒక ఉత్తరం వచ్చింది. మీరు తయారుచేసిన వస్తువును మేము వాడుతున్నాము కాబట్టి, ఈ ప్రశ్నలన్నింటికీ 24 గంటల్లోగా జవాబివ్వండి అని దాని సారాంశం.

ఆ ఉత్తరం పుట్టిన తీరును నేను అప్పుడప్పుడు ఊహించుకుని ఆనందిస్తుంటాను. అద్దాల గదిలో అత్యవసర సమావేశం. మన సరఫరాదారులెవరు, జాబితా తీయండి అని పెద్దాయన గర్జిస్తాడు. జాబితా తీస్తారు. అందులో ఒక వస్తువు ఎదురుగా ‘చెల్లించిన మొత్తం’ గడి ఖాళీగా ఉంటుంది. ఇంత చవకగా బేరమాడి తెచ్చిన కొనుగోలు విభాగాన్ని అందరూ చప్పట్లతో అభినందిస్తారు. ఈ సరఫరాదారుకు ఎన్ని గంటల గడువిద్దామన్న చర్చ మొదలవుతుంది. నలభై ఎనిమిది ఇద్దామని ఒక జాలిగుండె మనిషి అంటాడు. అంత మెతకదనం పనికిరాదని, రేపు అందరూ నెత్తినెక్కుతారని న్యాయ విభాగం హెచ్చరిస్తుంది. చివరికి ఇరవై నాలుగు దగ్గర రాజీ కుదురుతుంది. ఉత్తరాన్ని నలుగురు దిద్దుతారు, ఇద్దరు ఆమోదిస్తారు. ఇంతమంది కళ్లు దాటి వెళ్లిన ఆ ఉత్తరం శీర్షికలో లాగ్‌4జె కాస్తా లాగ్‌జె4 అయిపోయి ఉంటుంది. (సమావేశం నా కల్పన. శీర్షికలో తప్పు మాత్రం అక్షరాలా నిజం.)

మద్దతు ఒప్పందం చేసుకుంటే అన్నింటికీ సంతోషంగా జవాబిస్తానని స్టెన్‌బర్గ్ మర్యాదగా రాశాడు. దానికి వారి ప్రత్యుత్తరం ‘డేవిడ్ గారూ’ అని మొదలైంది. డేనియల్‌కు డేవిడ్ అని పేరు మార్చి, అంటే మేము మీ కస్టమర్లం కాదంటారా అని అమాయకంగా అడిగారు. ఆయన తిరిగి, బైబిల్ కథలో డేవిడ్ ఎదిరించిన మహాకాయుడి పేరుతో ‘గోలియత్ గారూ’ అని సంబోధిస్తూ, అవును, మీకూ నాకూ ఏ ఒప్పందమూ లేదని తేల్చిచెప్పాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు గాని, ఇక్కడ సోకు చేసుకునేవాడు సొమ్ముగలవాడి పేరైనా సరిగా గుర్తుపెట్టుకోలేదు.

ఇదంతా విదేశీ కంపెనీల సంగతని మనం చేతులు కడుక్కోవడానికి వీల్లేదు. ఈ ఉద్యమానికి మన దేశం అందించిన సేవ చిన్నదేమీ కాదు. 2020 అక్టోబరులో, నాలుగు పుల్ రిక్వెస్టులు (ప్రాజెక్టులో మార్పు చేర్చమనే వినతులు) పంపినవారికి టీషర్టు ఇస్తామని ఒక అమెరికన్ కంపెనీ ప్రకటించగానే, ముక్కూమొహం తెలియని ప్రాజెక్టుల రీడ్‌మీ అనే పరిచయ పత్రంలో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అని చేర్చి పంపే వీరులు వెల్లువెత్తారు. ఆ ప్రాజెక్టులను చూసుకునే మెయింటెయినర్లు మొరపెట్టుకుంటే, నెల మూడో తేదీకల్లా నిబంధనలే మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టు వంతు వచ్చింది. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో నేర్పే పాఠాలు చూసి, అసలు ప్రాజెక్టు రీడ్‌మీలోనే తమ పేర్లు రాసి పంపిన విద్యార్థుల వల్ల, లోకంలోని లెక్కలేనన్ని వెబ్‌సైట్లు ఆధారపడే ఆ ప్రాజెక్టు గుమ్మం ముందు చెత్త పేరుకుపోయింది. మన ఊళ్లలో కొందరు గుడికి ట్యూబులైటు ఇచ్చి, దాత పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఎర్ర రంగుతో ఎంత పెద్దగా రాయించేవారంటే ఇక వెలుతురు రావడానికి చోటుండేది కాదు. మనవాళ్లు ఇంకో మెట్టు పైకెక్కి లైటు ఇవ్వడమనే ఖర్చు కూడా తప్పించి, పేరు మాత్రం రాయించుకున్నారు. ఆ పిల్లల మీద నాకు పెద్దగా కోపం లేదు. ‘ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్’ అన్న పదం రెజ్యూమెలో ఉంటే చాలని, ఏం చేశావని ఎవరూ అడగరని వాళ్లకు ఎవరో చెప్పారు. అమీర్‌పేటలో అయినా, క్యాంపస్ ఇంటర్వ్యూల్లో అయినా నిజంగానే ఎవరూ అడగడం లేదు కాబట్టి, చెప్పినవారిది తప్పని కూడా అనలేం.

కానీ ఇలా నవ్వుకుంటూ పోవడం కుదరని ఘట్టం ఒకటుంది.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే పనిముట్టు. దాదాపు ప్రతి లైనక్స్ వ్యవస్థలోనూ ఉంటుంది. ఎవరూ తలుచుకోరు. ఫిన్లాండ్‌కు చెందిన లాసె కొలిన్ అనే ఆయన దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా చూసుకుంటూ వచ్చారు. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి ప్యాచ్‌లు అనే చిన్నచిన్న కోడ్ సవరణలు పంపడం మొదలుపెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి ఇంకొందరు దిగారు. ఒకరి పేరు జిగర్ కుమార్. పేరు కూడా మనవైపుదే ఎంచుకున్నారు, సంతోషం. ప్యాచ్‌లు ఏళ్ల తరబడి పడి ఉంటున్నాయని, కొత్త మెయింటెయినర్ వచ్చేదాకా ఇది ముందుకు కదలదని ఆయన వరసగా దెప్పిపొడిచాడు. కొలిన్ జవాబు రాశారు: ఆసక్తి పోలేదు, చాలాకాలంగా మానసిక ఆరోగ్యం బాగాలేదు, అన్నట్టు ఇది జీతం లేకుండా చేసే పని అని గుర్తుంచుకుంటే మంచిది. ఇంతకంటే వినయంగా ఎవరు రాయగలరు? దానికి ఇంకొక పేరుతో వచ్చిన సమాధానం: మీ ఆరోగ్యం గురించి విచారిస్తున్నాను, అయితే మన పరిమితులు మనం తెలుసుకోవాలి, నిర్వహణ వేరొకరికి అప్పగించవచ్చు కదా. ఈలోగానే జిగర్ కుమార్ మళ్లీ వచ్చి, నీ ప్రాజెక్టు గొంతు నువ్వే నులుముతున్నావన్నాడు. చివరికి బరువు దించుకోవడానికి కొలిన్‌కు దొరికిన భుజం జియా టాన్‌దే.

2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో విడుదలైన 5.6.0, 5.6.1 వెర్షన్లలో జియా టాన్ దొంగదారి పెట్టాడు. అది స్థిరపడి ఉంటే ప్రపంచంలోని లెక్కలేనన్ని సర్వర్లలోకి తాళం లేకుండా నడిచిపోయే వీలుండేది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి చూడటం వల్ల మార్చి 29న ఆ సంగతి లోకానికి తెలిసింది. జిగర్ కుమార్ వంటి పేర్ల వెనుక అసలు మనుషులున్నారన్న ఆధారం ఇంతవరకూ ఎక్కడా కనబడలేదు. అవన్నీ ఒకే నాటకంలోని వేషాలని పరిశోధించినవారి అనుమానం.

ఆ వేషం ఎంత తెలివైనదో ఆలోచించండి. గూఢచారులు ఒక సమాజంలోకి చొరబడాలంటే అక్కడ ఎవరికీ అనుమానం రాని మనిషిలా కనిపించాలి. ఆ నాటకం రాసినవారు ఓపెన్ సోర్స్ లోకాన్ని శ్రద్ధగా అధ్యయనం చేసి, ఇక్కడ అతి సహజంగా, ఎవరూ రెండోసారి తలెత్తి చూడని విధంగా ఉండే ప్రాణి ఎవరని వెతికారు. వారికి దొరికింది, ఒక్క రూపాయి ఇవ్వకుండా, ఒక్క లైను రాయకుండా, జబ్బుపడిన మనిషిని ఆలస్యమెందుకని నిలదీసే వినియోగదారుడు. వాళ్లు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. మనం రోజూ రాసే వ్యాఖ్యల్నే ఎత్తి రాశారు. ఆ మాటలు చదివి, ఆరోగ్యం బాగాలేదన్న మనిషితో ఇలాగా మాట్లాడేది అని ఒక్కరైనా అక్కడికక్కడ గట్టిగా మందలించి ఉంటే ఈ పథకం అక్కడే తడబడి ఉండేదేమో. ఎవరూ మందలించలేదు, ఎందుకంటే అందులో ఎవరికీ అసాధారణంగా తోచింది ఏమీ లేదు. అది నాకు ఈ కథలోని దొంగకోడ్ కంటే ఎక్కువ మంటపుట్టించే సంగతి. దొంగదారిని రెండు వెర్షన్లలో పెట్టారు, దాన్ని తీసేయడమూ అయింది. ఆ వ్యాఖ్యలు మాత్రం ఈ క్షణంలో కూడా ఇంకెవరి మీదో పడుతూనే ఉన్నాయి, వాటిలో గూఢచారిది ఏదో పెద్దమనిషిది ఏదో చెప్పడానికి సాధనం లేదు, ఉండదు కూడా, ఎందుకంటే తేడా లేదు.

సంగతి బయటపడగానే గిట్‌హబ్ చురుగ్గా కదిలింది. జియా టాన్ ఖాతాతో పాటు మోసపోయిన లాసె కొలిన్ ఖాతాను కూడా మూసేసి, కొన్ని రోజుల తర్వాత తెరిచింది. ఆయన కూర్చుని దొంగసరుకంతా ఏరి పారేసి, మే నెలాఖరుకు 5.6.2 విడుదల చేశారు.

కంపెనీలకు మాత్రం జ్ఞానోదయం కాలేదని అనకండి. 2014లో, నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్ బ్యాంకింగ్ ఆధారపడే ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లని తెలిసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ వేలు పదేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంది. ఎక్స్‌జెడ్ గొడవ బయటపడిన నాలుగు రోజులకు, 2024 ఏప్రిల్ 2న, వీడియోల లోకాన్ని మోసే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ బృందం ఒక సంగతి బహిరంగంగా చెప్పింది. స్వచ్ఛంద సేవకులు నడిపే తమ బగ్ పట్టికలో మైక్రోసాఫ్ట్ వారు తమ వీడియో సమావేశాల సాఫ్ట్‌వేర్ టీమ్స్‌కు సంబంధించిన ఇబ్బందిని నమోదు చేసి, ఇది అత్యంత ప్రాధాన్యమైనదని రాశారట. దీర్ఘకాలిక మద్దతు ఒప్పందం చేసుకోండని అడిగితే, ఒక్కసారికి కొన్ని వేల డాలర్లు ఇస్తామన్నారట. అదే ఏడాది జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో మైక్రోసాఫ్ట్ ఆదాయం 24,500 కోట్ల డాలర్లు.