రక్తం సంగతి తర్వాత, ముందు పొరుగు దేశాలు పరీక్షల కిట్లు కలిసి కొనండి

రక్తదానం మీద వచ్చే పోస్టులన్నీ దాత దగ్గరే ఆగిపోతాయి. రండి, ఇవ్వండి, ఒక ప్రాణం నిలబెట్టండి అంటాం. మంచిదే. కానీ ఇచ్చిన రక్తం ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ అడగరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

తీసుకున్న ప్రతి యూనిట్‌కీ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు జరిగి తీరాలి. ఫలితం తేలేదాకా ఆ సంచి వేరే అరలో ఉంటుంది, ఎవరికీ ఎక్కించకూడదు. ఈలోగా ఆ పరీక్షల కిట్లు అయిపోయాయనుకోండి. ఎర్రకణాలు 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో 35 రోజులో, 42 రోజులో ఆగుతాయి. ప్లేట్‌లెట్లు అంతకాలం ఆగవు. వాటిని గది ఉష్ణోగ్రతలో, నిదానంగా ఊపుతూ ఉండే యంత్రం మీద పెట్టినా మామూలుగా 5 రోజులు, మహా అయితే 7. దాత ఇచ్చాడు, పక్క వార్డులో రోగికి కావాలి, మధ్యలో కిట్ లేదు. ఆ సంచి పారేయాల్సిందే. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

చిన్న దేశాలకే ఈ తిప్పలు ఎక్కువ. వాళ్లు కొనేది తక్కువ కాబట్టి బేరమాడే బలం ఉండదు, సరుకు కూడా ఆలస్యంగా వస్తుంది. పొరుగునున్న నాలుగైదు దేశాలు కలిసి ఒకే ఆర్డరు పెడితే పరిస్థితి మారుతుంది. అమెరికా ఖండాల దేశాలు పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్ ద్వారా 1970ల చివరి నుంచి టీకాలు ఇలాగే కొంటున్నాయి. టీకాలకు కుదిరింది రక్త పరీక్షల కిట్లకు ఎందుకు కుదరదు?

రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా విషయం ఇంకా బాధాకరం. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు ఉన్నవాళ్లకు కావాల్సిన ఫ్యాక్టర్ 8తో పాటు ఇమ్యునోగ్లోబులిన్, ఆల్బుమిన్ లాంటి మందులు కూడా అందులోంచే తీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు వివరాలిచ్చిన 171 దేశాల్లో, తమ దగ్గర సేకరించిన ప్లాస్మాతో ఈ మందులు తయారయ్యేది 56 దేశాలకే. ఫ్యాక్టరీ నడవాలంటే ప్లాస్మా భారీగా కావాలి, ఒక చిన్న దేశం ఒక్కటే అంత సేకరించలేదు. దాంతో మిగిలిన ప్లాస్మాను పారేసి, అలాంటి ప్లాస్మాతోనే వేరేచోట తయారైన మందును ఎక్కువ డబ్బు పోసి దిగుమతి చేసుకుంటున్నారు. నలుగురూ కలిస్తే తగినంత పోగవుతుంది. అయితే నాణ్యత రుజువు లేని ప్లాస్మాను ఏ ఫ్యాక్టరీ తీసుకోదు. అందుకే అందరికీ ఒకే ప్రమాణాలు ఉండాలి. ఐరోపా యూనియన్ 2002లోనే తన సభ్య దేశాలన్నిటికీ కలిపి నియమాలు పెట్టుకుంది. ఆఫ్రికా రక్తమార్పిడి సొసైటీ రక్త కేంద్రాలకు మెట్టుమెట్టుగా గుర్తింపు ఇస్తోంది, దానివల్ల వెనకబడిన కేంద్రాలు కూడా మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టగలవు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

"మాకే చాలడం లేదు, పొరుగువాళ్లకు ఏం పెడతాం?" అంటారు. రక్తం సంచులు ఇచ్చిపుచ్చుకోవడం ఇందులో చివరి మాట. ఎవరి దాతలను వాళ్లు తయారుచేసుకోవాల్సిందే. డబ్బు తీసుకోకుండా స్వచ్ఛందంగా ఇచ్చేవాళ్ల మీదే రక్త సేవలు నిలబడాలని ప్రపంచ ఆరోగ్య సభ 1975లోనే చెప్పింది. ఆపరేషన్ టెన్షన్‌లో ఉన్న బంధువులను దాతల కోసం పరుగులు పెట్టిస్తే, ఆ ఒత్తిడిలో ఇచ్చే మనిషి తన ఆరోగ్యం గురించి అన్నీ నిజాలే చెబుతాడని ఏ నమ్మకం?

సంచే సరిహద్దు దాటాల్సిన సందర్భాలూ ఉన్నాయి. 1952లో గుర్తించిన, చాలా అరుదైన బాంబే గ్రూపు వాళ్లకు 'O' గ్రూపు రక్తం కూడా పనికిరాదు. తమ దేశంలో అలాంటి దాత దొరక్కపోతే ఎక్కడికి పోవాలి? ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉన్న ల్యాబ్ అరుదైన దాతల అంతర్జాతీయ జాబితా నిర్వహిస్తోంది. దాత దొరికినా కస్టమ్స్ కాగితాల కోసం పెట్టె ఆగిపోతే లాభం లేదు, ఆ ఒప్పందం ముందే రాసుకుని ఉండాలి.

ఆరోగ్య మంత్రులు ప్రాంతీయ సమావేశాల్లో ఎన్ని తీర్మానాలైనా చేసుకోండి. కిట్ల ఉమ్మడి ఆర్డరు, ఒకే ప్రమాణాల పుస్తకం, అరుదైన దాతల ఉమ్మడి జాబితా, ఈ మూడింటికీ గడువు, బడ్జెట్, బాధ్యుడి పేరు రాయకుండా మాత్రం లేవకండి.