అయిదో పాయింటు రాసినవాళ్లకి

పొద్దున్నుంచి ఈ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. పదో తరగతి గ్రూపులో ఒకసారి, చుట్టాల గ్రూపులో రెండుసార్లు, ఇప్పుడు మా బావ విడిగా పంపి "నువ్వు ఆ ఫీల్డేగా, నిజమేనా?" అని అడిగాడు. "మధ్యాహ్నం సీరియళ్ల తెర వెనక బాగోతం" అని పేరు పెట్టి, అయిదు పాయింట్లు రాసి, అందరికీ పంపమన్నారు. రాత్రిపూట ఆడిన సీరియల్లోంచి ఒక పాత్రని విడదీసి మధ్యాహ్నం వేరే కథగా నడిపిస్తారే, వాటి మీద ఈ రాత. అలాంటి సీరియల్‌కే నేను రెండేళ్లుగా కంటిన్యూటీ చూస్తున్నాను, అంటే ఒకే సీను వేర్వేరుసార్లు తీసినా బట్టలూ వస్తువులూ మారిపోకుండా చూసే పని. రాజోలు దగ్గర మా ఊళ్లోనే పది రోజుల షూటింగు కూడా జరిగింది. కాబట్టి చెప్తాను, వినండి.

పాత పాత్రని మళ్లీ వాడటం మనవాళ్లు కనిపెట్టిన మోసం అన్నారు. అమెరికాలో 1963లో మొదలైన 'జనరల్ హాస్పిటల్' అనే పగటి సీరియల్లోంచి 1997లో 'పోర్ట్ చార్లెస్' పుట్టింది, 2003 దాకా ఆడింది. అంతకు చాలా ముందే 1970లో 'అనదర్ వరల్డ్'లోంచి 'సోమర్‌సెట్' వచ్చింది. మన దగ్గర 'కార్తీకదీపం' 2023 జనవరిలో అయిపోతే, 2024 మార్చిలో అదే జంటతో కొత్త కథ మొదలుపెట్టారు. జనం ఆ మనుషుల్ని మళ్లీ చూడాలనుకున్నారు, చూస్తున్నారు. ఇందులో ఎవరు ఎవర్ని మోసం చేశారు? పైగా ఇలాంటి కథకి పని ఎక్కువ. పాత సీరియల్లో ఆవిడ వాచీ ఏ చేతికి పెట్టుకునేదో మేం మర్చిపోయినా, చూసేవాళ్లు మర్చిపోరు.

సెట్లూ చీరలూ పాతవేనట. అవును, పాతవే. మీ ఇంట్లో పెళ్లికి కొన్న పట్టుచీర ఒక్కసారి కట్టి పారేస్తున్నారా?

కోనసీమ అని చూపించేదంతా హైదరాబాదు సెట్టే అన్నది మూడో పాయింటు. ఇంటి లోపలి గదులు సెట్టే, ఒప్పుకుంటాను. కానీ ఆ మండువా లోగిలి, అరుగు, వెనక కాలవ రేవు మా ఊరివే. మార్చిలో ఆరు రోజులు తీశాం. హీరోయిన్ రేవులో కూర్చుని ఏడిచే సీను సగంలో ఆగిపోయింది. మిగతా నాలుగు రోజులకి ఏప్రిల్ నెలాఖరున వస్తే కాలవలకి నీళ్లు ఆపేశారు. మార్చిలో మూడు మెట్లు మునిగి ఉన్న రేవు బురద ఎండి నెర్రెలిచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీలో మళ్లీ నీళ్లు వదిలేదాకా యూనిట్ ఆగదుగా. రాత్రికి రాత్రి ఆ సీను నూతి దగ్గరికి మార్చి రాశారు. సెట్టులోనే తీసుకుంటే మాకు ఈ పాట్లు ఎందుకండీ?

ఒకే మొహాన్ని మూడుసార్లు చూపించి టైం నింపుతారన్నారు. ఇది మాత్రం నిజం. సీను కాగితాలు పొద్దున్నే వస్తాయన్నదీ నిజమే. గంటకి పన్నెండు నిమిషాలు ప్రకటనలకి పోతే అరగంటలో ఇరవై నాలుగు మిగులుతాయి. వారానికి ఆరు ఎపిసోడ్లంటే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు, అంటే వారం వారం ఒక సినిమా తీసినట్టు. గురువారం రేటింగులు వచ్చాయంటే శుక్రవారం తీయాల్సిన సీను మారిపోతుంది. అప్పుడు ఫ్లాష్‌బ్యాకులతో, జూమ్‌లతో నెట్టుకొస్తారు. కారణం తెలిసినా నాకూ నచ్చదు. చూసేవాళ్ల టైంకి విలువ ఇవ్వకపోవడమే అది.

ఇక అయిదోది. "షూటింగులకి వెళ్లే ఆడవాళ్లు ఎలాంటివాళ్లో వేరే చెప్పాలా?" అని రాశారు. చెప్పండి! రాసే ధైర్యం ఉన్నవాళ్లకి చెప్పే ధైర్యం కూడా ఉండాలి.

నేను చెప్తాను ఎలాంటివాళ్లో. పెళ్లి సీనుకి పేరంటాళ్లు కావాలంటే మా పక్కింటి పిన్ని వచ్చింది. తెల్లారగట్ల అయిదింటికల్లా వంట ముగించి, ఉన్న ఒక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. మొహం మీదికి థర్మోకోల్ షీటుతో ఎండ మళ్లించి కొడుతుంటే కళ్లు చిట్లించకుండా పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని నాలుగు గంటలు నిలబడింది. బొటనవేలి కింద కుంకుమ చెమటకి తడిసి ముద్దయింది. భోజనాలయ్యాక మళ్లీ మొదలుపెడుతుంటే నన్ను పిలిచి, "అమ్మాయ్, ఇందాక తమలపాకులు నా కుడిపక్కన ఉన్నాయి, ఇప్పుడు ఎడమపక్క పెట్టారు" అంది. ఫొటోలు తీసిపెట్టుకున్న నేను గమనించలేదు, ఆవిడ గమనించింది. రెండు రోజుల డబ్బులు చిన్నోడి కాలేజీ ఫీజుకి దాచింది.

ఇదే మెసేజ్ అప్పుడూ తిరిగింది. ఎవరో పిన్ని వాళ్లాయనకి చూపించారు. మూడో రోజు పిన్ని రాలేదు. నేను వెళ్తే గుమ్మం దాటి బయటికి రాలేదు, "ఒంట్లో బాలేదమ్మాయ్" అంది లోపల్నుంచే.

షూటింగుల్లో తప్పులు లేవని నేననను. ఆ మూడు రోజులూ అంతమంది ఆడవాళ్లకి ఒకటే మరుగుదొడ్డి. చీర మార్చుకోవడానికి వడ్ల కొట్టే గతి. డబ్బులు కూడా అందరికీ ఆ రోజుకారోజు చేతికి రాలేదు. నిజంగా ఆడవాళ్ల మీద అంత బెంగ ఉంటే వీటి గురించి రాయొచ్చుగా? ఒక్క ముక్క లేదు. కడుపు కోసం ఎండలో నిలబడినదాని నడవడి మీద మాత్రం తీర్పు చెప్పేశారు. పంపిన నలుగురిలో ముగ్గురు పిన్ని చేతి కాఫీ తాగినవాళ్లే.

బావా, నువ్వడిగినదానికి ఇదీ నా జవాబు. ఆ పెళ్లి ఎపిసోడ్ దొరికితే చూడు. మొదట్లో రెండో వరసలో కుడివైపు ఎర్రంచు పసుపుపచ్చ చీర కనిపిస్తుంది. తాళి కట్టే సీనుకి వచ్చేసరికి అక్కడ అరటి గెల ఉంటుంది. ఖాళీ తెలియకూడదని నేనే పెట్టించాను.