ఉప్పందించిన ఉపగ్రహం

మన కోస్తాలో ఏ ప్రభుత్వమూ చేయలేని పనొకటి సముద్ర శాస్త్రవేత్తలు చడీచప్పుడు లేకుండా చేసేశారు. చేప ఎక్కడ దొరకొచ్చో ఉపగ్రహంతో చూసి రోజూ బులెటిన్ ఇస్తూ, జాలరి అబద్ధానికి గండి కొట్టారు. ఇంత పెద్ద విషాదం మీద అసెంబ్లీలో చర్చ లేదు, సంతాప తీర్మానం లేదు, రెండు నిమిషాల మౌనం కూడా లేదు. కనీసం ఒక వ్యాసమైనా రావాలి కదా అని ఈ బాధ్యత నా నెత్తిన వేసుకున్నాను.

విశాఖ హార్బర్‌లో బోటు దిగిన సరంగును, అంటే బోటు నడిపించే పెద్దను, ఎప్పుడైనా కదిపి చూశారా?

"ఏటి మావా, ఎటేపు ఎల్లారు?"

"సముద్రం ఏపే ఎల్లాంరా అల్లుడూ."

ఇంతకు మించి రాబట్టిన మొనగాడు ఆ జెట్టీ మీద లేడు. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు; ఇరవై బారల నీట్లో చేప పడితే నలభై బారలనాలి. తూర్పుకు పోయి ఉత్తరమనాలి. తేలిగ్గా తీసిపారేయకండి, దీని వెనక పెద్ద శాస్త్రం ఉంది. జీపీయెస్ రాక ముందు మన జాలర్లు ఒడ్డున ఉన్న కొండల్ని గుర్తు పెట్టుకుని చోటు పట్టేవారు. డాల్ఫిన్ నోస్ కొమ్ము ఇటు దేనితో కలుస్తోంది, కైలాసగిరి అటు దేని వెనక దాగుతోంది, ఆ రెండు చూపుగీతలూ ఎక్కడ ఒకదాన్నొకటి కోసుకుంటాయి, వల అక్కడ. తండ్రి కొడుక్కి చెప్పేవాడు. అల్లుడికి ఒక కొండ గుర్తు మాత్రమే చెప్పి, రెండోది పెళ్లయిన పదేళ్ల తర్వాత చూద్దాంలే అనేవాడు. నీటి రంగు, మీద తిరిగే పిట్టలు, చెయ్యి ముంచితే తగిలే చలి, ఇవన్నీ ఇంటి గుట్టు.

ఆ గుట్టు కాస్తా ఇప్పుడు తెలుగులో, పటంతో సహా, పైసా ఖర్చు లేకుండా, అడిగినవాడికీ అడగనివాడికీ వచ్చేస్తోంది. పంపేది ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో పెట్టారు. ఎక్కడ పెట్టారు? సముద్ర వ్యవహారం కాబట్టి సహజంగానే హైదరాబాదులో. ప్రగతినగర్ దగ్గరున్న ఆ ఆవరణకు ఓషన్ వ్యాలీ అని పేరు కూడా పెట్టుకున్నారు. అక్కణ్నుంచి దగ్గర్లో ఉన్న ఉప్పునీరు రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. దీన్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు గానీ నేను చేయను. సముద్రాన్ని నిష్పక్షపాతంగా చూడాలంటే చేపల వాసన తగలని చోట కూర్చోవాలి. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే ఉంది. అలలు చేరలేని చోట ఉండడం ఆ ఉద్యోగానికి మొదటి అర్హత.

ఇక బులెటిన్ సంగతి. ఫలానా రేవు నుంచి దిశ ఇది, కోణం ఇన్ని డిగ్రీలు, దూరం ఇన్ని కిలోమీటర్ల నుంచి ఇన్ని కిలోమీటర్ల దాకా, లోతు ఇన్ని మీటర్లు, అక్షాంశం, రేఖాంశం. పెళ్లిచూపులకు వెళ్లేవాడికి కూడా మనవాళ్లు ఇంత వివరంగా దారి చెప్పరు. బారల్లో లెక్కపెట్టే తాతకు మీటర్లు ఎక్కవు. పక్కనున్న మనవడు ఫోన్లో గుణించి చెబుతాడు. తాత విని, "ఆ చోటా? అది మాకెప్పుడో తెల్సు" అంటాడు. అన్నేళ్లూ ఎవరికీ చెప్పని చోటు అది. ఆ క్షణంలో ఆయన మొహం చూడ్డానికి ఏ శాస్త్రవేత్తనైనా ఒకసారి రేవుకు పంపాలని నా మనవి.

ఇంతకీ ఉపగ్రహానికి చేప కనపడుతుందనుకునేరు. కనపడదు. దానికి తెలిసేది నీటి వేడి, నీటి రంగు. వేడి అన్నా అదీ పైపొర సంగతే. పరారుణ కిరణాలతో అది చదివేది మిల్లీమీటరు మందం కూడా లేని పైచర్మాన్ని. వెచ్చటి నీళ్లూ చల్లటి నీళ్లూ ఒకదాన్నొకటి ఒరుసుకునే గీత ఎక్కడుందో చూస్తుంది. ఇస్రోవారి ఓషన్‌శాట్ లాంటి ఉపగ్రహాలు ఆ నీటి పచ్చదనాన్ని, అంటే కంటికి ఆనని నాచులోని పత్రహరితాన్ని, కొలుస్తాయి. రెండూ కలిసిన చోట చిన్న ప్రాణులుంటాయని, వాటికోసం చిన్న చేపలు, ఆ చిన్న చేపల కోసం పెద్ద చేపలు వస్తాయని అంచనా. వీధిలో షామియానా చూసి లోపల భోజనాలున్నాయని చెప్పినట్టన్నమాట. చాలాసార్లు ఉంటాయి. ఒక్కోసారి అది సంతాప సభ అవుతుంది.

చేప ఎందుకు ఆ గీత దగ్గరికే రావాలంటే, దానికి సొంత వేడి లేదు. నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే ఒళ్లూ అంతే. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆకలి పెరుగుతుంది, కానీ వేడి నీట్లో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. ఆకలి ఎక్కువ, ఊపిరి తక్కువ. ఏప్రిల్ నెల సిటీ బస్సులో నిలబడినవాళ్లెవరికైనా ఈ సూత్రం విడమర్చి చెప్పక్కర్లేదు. ట్యూనా జాతి మాత్రం కండల్లో కాస్త సొంత వేడి దాచుకుంటుంది. అంత దర్జా గల చేప కాబట్టి దానికి విడిగా ఒక సూచన కూడా ఇస్తారు.

ఆ చల్లటి నీళ్లు వచ్చేది అడుగునుంచి. అవి పైకి ఎందుకొస్తాయన్నది మన విశాఖకు పాత పాఠమే. ఫిబ్రవరి నుంచి మే దాకా నైరుతి దిక్కు నుంచి గాలి మన తీరం వెంబడే వీస్తుంది. భూమి తిరుగుడు వల్ల పైనీళ్లు తీరానికి దూరంగా జరుగుతాయి. ఖాళీ పూరించడానికి కిందనుంచి చల్లటి, నాచుకు బలమిచ్చే పోషకాలున్న నీళ్లు లేస్తాయి. 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ తీరంలో దీన్ని కొలిచి రాసిపెట్టాడు. అంటే చేపల భోజనాల వేళ మనకు ఏడు దశాబ్దాలుగా తెలుసు.

మరి ఆ వేళకు మనం ఏం చేస్తాం? సముద్రానికి తాళం వేస్తాం. తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. గుడ్లు పెట్టే కాలం గనక కాపాడాలి, న్యాయమే, నేనేమీ కాదనను. ఆ 61 రోజులూ ఆకాశం అద్దంలా ఉంటుంది, ఉపగ్రహానికి సముద్రం అరచేతిలో గీతల్లా కనిపిస్తుంది. నిషేధం కాబట్టి బులెటిన్ రాదు. జూన్ 15న పూజలు చేసి, గంగమ్మకు దణ్ణం పెట్టుకుని బోట్లు కదులుతాయి. సరిగ్గా అప్పటికి రుతుపవనాలు దిగుతాయి. పరారుణ కన్ను మబ్బును దాటి చూడలేదు. కాబట్టి చూడగలిగినప్పుడు వెళ్లకూడదు, వెళ్లగలిగినప్పుడు చూడలేం. ఇంత పకడ్బందీ ఏర్పాటు ప్రకృతికీ ప్రభుత్వానికీ ముందస్తు ఒప్పందం లేకుండా కుదిరిందంటే నేను నమ్మను.

ఈ మధ్యలో హైదరాబాదువారికి జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు చేప తినకపోతే ఏడాదంతా జలుబే అన్నట్టు జనం మార్కెట్ల మీద పడతారు. తూర్పు సముద్రం మూసి ఉంటుంది. దొరికేది చెరువులో పెంచిన రవ్వ, బొచ్చె. ఆ చేప ఎక్కడుందో చెప్పడానికి ఏ ఉపగ్రహమూ అక్కర్లేదు, గట్టు మీద నిలబడితే చాలు. సముద్ర సమాచార రాజధానిలో చేపల పండగ చెరువు చేపతో గడిచిపోవడం నాకెందుకో ముచ్చటగా అనిపిస్తుంది.

మబ్బులు విడిచాక కూడా మన బంగాళాఖాతం అంత తేలిగ్గా నోరు విప్పే రకం కాదు. వానలకు గంగ, మహానది, గోదావరి, కృష్ణ వచ్చి పడతాయి. మంచినీరు తేలిక గనక ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. కింద ఎంత చల్లగా ఉన్నా ఆ చలి పైకి తేలదు. ఉపగ్రహం చూసేది మూతను, చేపలు తిరిగేది గిన్నెలో. తుపాను వచ్చి కలియబెట్టి పోతే అడుగు నీళ్లు పైకొచ్చి, వెనకాల పచ్చటి చార కనపడుతుంది. అప్పుడు బులెటిన్ భేషుగ్గా ఉంటుంది, బోటు మాత్రం మరమ్మతులో ఉంటుంది.

అయినా పనికిమాలిన విద్య అనడం కృతఘ్నత. చోటు ముందే తెలిస్తే గాలింపు తగ్గుతుంది, గాలింపు తగ్గితే డీజిల్ మిగులుతుంది. సముద్రంలోకి పది పన్నెండు కిలోమీటర్లు పోతే సెల్‌ఫోన్ మూగబోతుందని 2019లో జెమిని అనే పరికరం కూడా తెచ్చారు. గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా బులెటిన్, తుపాను హెచ్చరిక నడి సముద్రంలోనే అందుతాయి. ఆ రెండోది ప్రాణాలు కాపాడే సంగతి. అక్కడ నా వెటకారం చెల్లదు.

చిక్కల్లా అందరికీ ఒకే చిరునామా ఇవ్వడంలో ఉంది. రేవులో ఉన్న బోట్లన్నీ ఒకే కోణంలో, ఒకే దూరం పోతే అక్కడ వలకు వల అడ్డం. పైగా ఆ గీత కదులుతూ ఉంటుంది. పొద్దున్న కొలిచిన నీళ్లు సాయంత్రానికి ఇంకో చోటికి జరుగుతాయి, మనం వెళ్లి నిన్నటి చిరునామాలో తలుపు కొడతాం. అందుకే తెలివైన సరంగులు బులెటిన్ చూసి, వాటం ఎటుందో చూసి, అందరూ పోయే చోటికి కాస్త పక్కగా పోతున్నారు. పాత విద్య చావలేదు, పక్కకు జరిగింది.

అబద్ధమూ చావలేదని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు సరంగును 'ఎక్కడ పడింది?' అంటే, "బులిటెన్‌లో సూసుకోరా" అంటున్నాడు. పడింది అక్కడ కాదు. ఇంతకంటే గట్టి అబద్ధం ఈ తీరంలో ఇదివరకు లేదు, దీనికి కేంద్ర ప్రభుత్వ ముద్ర ఉంది. వట్టి వలతో వచ్చినవాడికీ సుఖమే. ఇదివరకు నరదిష్టినో, బయల్దేరేటప్పుడు ఎదురొచ్చిన బావమరిదినో తిట్టుకునేవాడు, ఇప్పుడు దర్జాగా ఇస్రోను తిడుతున్నాడు.

చివరగా శాస్త్రవేత్తలకు ఒక విన్నపం. ఏడెనిమిది వందల కిలోమీటర్ల పైనుంచి నీటిలో అర డిగ్రీ తేడా పట్టే మీకు, జెట్టీ మీద జరిగే వేలంపాట ఒక లెక్కా? చేప పడిన వేళే ధర ఎందుకు పడుతుందో, వలకూ డీజిల్‌కూ ముందు అప్పిచ్చిన వ్యాపారికే సరుకు ఎందుకు పోతుందో కనిపెట్టి, దానికీ ఒక రోజువారీ సూచన ఇవ్వండి. నమూనా నేనే తయారుచేశాను.

ధర మునిగే ప్రాంతం: చేపల రేవు. దిశ: పడమర. దూరం: బోటు నుంచి 0 నుంచి 200 మీటర్లు. లోతు: అప్పు తీరేదాకా. ఉష్ణోగ్రత: సరంగు గొంతులో ఎక్కువ, వ్యాపారి గొంతులో తక్కువ. ఈ రెండూ ఒరుసుకునే గీత మీద చేపలు దొరకవు, తగువు దొరుకుతుంది. గమనిక: ఈ సూచన వేట నిషేధంలోనూ వెలువడుతుంది. మబ్బులు అడ్డురావు.